ఉన్‌లో నిశ్శబ్దపు గది

మా ఇంట్లో అందరం అరుస్తూ మాట్లాడుకుంటామని నాకు కాలేజీలో చేరేదాకా తెలియదు. మొదటి వారంలోనే పక్కన కూర్చునే అమ్మాయి, "నా మీద ఏమైనా కోపమా?" అని అడిగింది. నాకు కోపమేమీ లేదు. డబ్బాలో ఏం కూర తెచ్చుకున్నావని అడిగానంతే.

నాన్న సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు వచ్చి ముప్పై ఏళ్లకు పైగా సాంచాల మీద పనిచేశాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలు అంటారు. ఒక్క సాంచా చప్పుడు వింటే పెద్దగా ఏమీ అనిపించదు. అలాంటివి వరసలు వరసలుగా ఒకే రేకుల కప్పు కింద నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు, పెదవులు కదలడమే కనిపిస్తుంది. పన్నెండు గంటలు అందులో ఉండి ఇంటికొచ్చిన మనిషికి ఏదైనా చెప్పాలంటే అరవాల్సిందే. అమ్మ అరిచేది, నేనూ అరిచేదాన్ని. మా వాడలో ప్రతి ఇంట్లో అంతే. అమ్మ పోయాక ఇంట్లో నాన్నా నేనూ మిగిలాం. ఉద్యోగం పెద్దదయ్యాక కూడా సూరత్ శివార్లలో మా వాడ ఉన్న ఉన్‌లోనే ఉండిపోయాం. ఊళ్లో అడాజణ్ లాంటి మంచి పేటలో ఫ్లాట్ తీసుకుందామంటే నాన్న ఒప్పుకోలేదు. "ఆడ నాతో ఎవరు మాట్లాడ్తరు?" అన్నాడు. ఉన్‌లోనైతే అందరికీ అరవడం అలవాటే.

నేను ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్‌ని. బయటివాళ్లు పాఠాలూ పట్టాలూ అనుకుంటారు గానీ, నా దగ్గరికి వచ్చేవి వేరు. లిఫ్టు ఆగిపోతే నాకే ఫోన్. పరీక్ష హాల్లోకి కోతులు వచ్చినా నాకే. ఏ స్థలం పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి, ఏ విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఎన్నాళ్లుంది, ఏ భవనం ఖాళీగా ఉంది, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. వైస్ చాన్సలర్, పరిశోధనల డీన్, నేను, ప్రతి సోమవారం పొద్దున ముగ్గురం కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. విశ్వవిద్యాలయాన్ని నడిపే ట్రస్టువాళ్లు ఏం కావాలంటారో వైస్ చాన్సలర్ చెప్పేవారు. అందులో ఏది కుదురుతుందో మేం చెప్పేవాళ్లం. ఏళ్లు గడిచేకొద్దీ, కుదరదనే మాట మా నోట్లోంచి రావడం తగ్గిపోయింది.

పరిశోధనల డీన్‌గా వచ్చినాయన చెవి వైద్యుడు. కాకినాడ వైపు మనిషి, సూరత్‌కు కొత్త. ఆయన చేరిన నెలలోనే ఒకరోజు నేను నాన్నతో ఫోన్లో మాట్లాడుతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను గమనించకుండా, "గోలీ ఏసుకున్నవా బాపు? గోలీ! బీపీ గోలీ!" అని అరుస్తున్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే ఆయన నవ్వడం లేదు.

"మీ నాన్నగారికి వినపడదాండీ?"

"సాంచాల మీద పనిచేశాడండి. అక్కడ ఎవరికీ సరిగా వినపడదు."

"ఎవరికీ అంటే?"

"మా వాడలో నలభై దాటిన మగవాళ్లెవరికీ."

ఆయన లోపలికి వచ్చి కూర్చున్నారు. ఎన్నేళ్లు పనిచేస్తే అలా అవుతుంది, ముందు ఏ చెవి పోతుంది, చెవుల్లో ఎవరైనా ఏమైనా పెట్టుకుంటారా అని అడుగుతూ పోయారు. చెవుల్లో దూది పెట్టుకుంటే కార్ఖానా సేఠ్ తిడతాడని చెప్పాను. దారం తెగిన చప్పుడు వినపడదని సేఠ్ భయం. "ఇంతమంది ఒకేచోట, ఇన్నేళ్లుగా... ఎవరూ కూర్చోబెట్టి చూడలేదాండీ?" అన్నారు. ఎవరూ చూడలేదు. నేనూ ఆ ఇంట్లోనే పెరిగి, అది ఒక ప్రశ్న అవుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

అలా మొదలైంది ఆ పరిశోధన. కొన్ని కార్ఖానాల్లో సాంచాల కింద మందపాటి రబ్బరు దిమ్మెలు వేసి, పనివాళ్లకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇస్తారు. మిగతా కార్ఖానాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. రెండు రకాల చోట్లా అవే మనుషులను ఆరు నెలలకోసారి పరీక్ష చేస్తూ అయిదేళ్లు చూడాలి. తేడా కనిపిస్తే ఆ కాగితం పట్టుకుని ఏ సేఠ్ దగ్గరికైనా, ఏ ఆఫీసుకైనా వెళ్లి అడగొచ్చు. ఒక విదేశీ విశ్వవిద్యాలయం కలిసి పనిచేస్తానంది. యంత్రాలు వాళ్లవి. స్థలం, గది, మనుషులు మావి.

గది అంటే మామూలు గది కాదు. చిన్న చిన్న శబ్దాలు వినిపించి ఎక్కడిదాకా వినపడుతోందో కొలవాలంటే బయటి చప్పుడు లోపలికి రాకూడదు. ఉన్‌లో విశ్వవిద్యాలయానికి ఒక పాత గోదాము ఉండేది, ఎవరో దాత ఇచ్చింది. పనివాళ్లు నడిచి వచ్చేంత దూరం. దాని మధ్యలో గది కట్టించాను. గోడలకు రెండు పొరలు, మధ్యలో దూది లాంటి పీచు. నేల కింద స్ప్రింగులు. తలుపు ఐసు ఫ్యాక్టరీ తలుపంత మందం. అహ్మదాబాద్ నుంచి వచ్చిన మిస్త్రీ ఒక్కో పలకా బిగిస్తుంటే పక్కనే నిలబడి చూసేదాన్ని. నా ఉద్యోగంలో చాలా భవనాలు కట్టించాను గానీ, వెళ్లి గోడను చేత్తో తాకి చూసింది మాత్రం ఆ ఒక్కదాన్నే.

ఒప్పందం ముసాయిదా రాసింది నేనే. అయిదేళ్లపాటు ఆ గదిని మార్చకూడదు, కదపకూడదు, ఇంకో పనికి వాడకూడదు అని ఒక షరతు ఉంది. అవతలివాళ్లు అడక్కముందే నేనే పెట్టాను. గది మారితే కొలత మారుతుందని డాక్టరుగారు చెప్పారు కాబట్టి పెట్టాను.

ఇక మనుషులు కావాలి. విశ్వవిద్యాలయం పేరుతో కరపత్రాలు పంచితే ఒక్కరూ రాలేదు. చెవులు పరీక్ష చేసి వినపడదని రాసిస్తే సేఠ్ పనిలోంచి తీసేస్తాడని వాళ్ల భయం. అప్పుడు నాన్నను అడిగాను.

"బాపు, నువ్వు చెప్తే వస్తరు."

"ఏమని చెప్పాలె?"

"సేఠ్‌లకు చెప్పరని చెప్పు. అయిదేండ్లు చూస్తరని చెప్పు. మధ్యల ఇడిసిపెట్టరని చెప్పు."

"ఇడిసిపెట్టరా?"

"ఇడిసిపెట్టరు బాపు. నేనే రాసిన కాగితం."

ఆదివారం కార్ఖానాలకు సెలవు. నాలుగు ఆదివారాలు నాన్న ఇల్లిల్లూ తిరిగాడు. ఆయన చెప్పింది వాళ్లకు సగం వినపడేది, వాళ్లు అడిగింది ఆయనకు సగం వినపడేది. అయినా ఒప్పించాడు. "మా బిడ్డ జిమ్మేదారి" అని, అంటే పూచీ నాదని, ప్రతి ఇంట్లోనూ చెప్పాడట. వాళ్లు పేర్లు రాయించుకోవడానికి వచ్చినప్పుడు ఆ మాట నాకే తిరిగి చెప్పారు.

మొదటి పరీక్ష నాన్నకే చేశారు. ఆయన పని మానేసి రెండేళ్లయింది, లెక్కలోకి రాడు. కానీ మిగతావాళ్లకు ధైర్యం రావాలని ముందు ఆయన్ను కూర్చోబెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కమని చేతికి ఒక మీట ఇచ్చారు. తలుపు మూశారు. చిన్న అద్దం కిటికీలోంచి చూస్తున్నాను. చాలాసేపు నాన్న కదల్లేదు. మీట నొక్కలేదు. తర్వాత హెడ్‌ఫోన్ తీసేసి, తల అటూ ఇటూ తిప్పి చూశాడు. తలుపు తీసి ఏమైందని అడిగాం.

"ఇంక సాంచాలు నడుస్తనే ఉన్నయి బిడ్డా. బంద్ చేయమను, అప్పుడు ఇనపడ్తది."

గదిలో చప్పుడు లేదు. బయటి చప్పుడు పోయేసరికి ఆయన చెవుల్లో ఇన్నేళ్లుగా ఉన్నది పైకొచ్చిందని డాక్టరుగారు మెల్లగా చెప్పారు. అది ఆగదని కూడా చెప్పారు. నేను ఆ సంగతి నాన్నకు చెప్పలేదు. ఆయనా మళ్లీ అడగలేదు.

మూడేళ్లు బాగా నడిచింది. మనుషులు పరీక్ష తేదీలు రాసిన పచ్చ కార్డు పట్టుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చేవాళ్లు. కొందరు ఆ గదిలో కూర్చోగానే నిద్రపోయేవాళ్లు. డాక్టరుగారు వాళ్లను వెంటనే లేపనిచ్చేవారు కాదు. "పది నిమిషాలు పోనివ్వండి, ఈయనకు ఇలాంటి చోటు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది" అనేవారు. మూడో ఏడు చివర్లో ఆయన నా గదికి వచ్చి రెండు గీతలున్న కాగితం ఒకటి చూపించారు. ఒక గీత కిందికి జారుతోంది. బిరడాలు ఇచ్చిన కార్ఖానాలది కూడా జారుతోంది గానీ మెల్లగా. "ఇప్పుడే ఏమీ అనకూడదండీ" అన్నారు. "అయిదేళ్లు పూర్తయితేగానీ ఇది నిజమో కాదో తెలియదు." అలా అంటూనే ఆ కాగితం నా బల్ల మీద వదిలేసి వెళ్లారు, నేను చూసుకోవాలనే కాబోలు.

ఆ తర్వాతి నెలలో ఒక సోమవారం వైస్ చాన్సలర్ ఉన్ స్థలం సంగతి ఎత్తారు. ఆయన చెడ్డమనిషి కాదు. వయసైన శాస్త్రవేత్త, గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. చెదురుగా ఉన్న స్థలాలన్నీ ఒకచోటికి తేవాలని ట్రస్టు అనుకుంటోందని హిందీలో చెప్పారు. ఉన్ స్థలం ఒక బిల్డర్‌కు ఇస్తే, బదులుగా అతను ప్రధాన క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ కట్టిస్తాడు.

డాక్టరుగారు రెండేళ్లు ఆగమన్నారు. "రెండేళ్లు చాలు సర్. తర్వాత మీరేం చేసుకున్నా నేను అడగను."

వైస్ చాన్సలర్ నా వైపు తిరిగారు. ఇక్కడ ఆడవాళ్లను బెన్ అనే పిలుస్తారు, అక్కా అన్నట్టు. "బెన్, ప్రతి మీటింగ్‌లో హాస్టల్ అడిగింది మీరే కదా."

అది నిజం. ఇద్దరుండాల్సిన గదిలో నలుగురు అమ్మాయిలు ఉంటున్నారు. పరీక్షల రోజుల్లో మెట్ల మీద కూర్చుని చదువుకునేవాళ్లు. మూడేళ్లుగా నేనే రాస్తున్నాను, నేనే అడుగుతున్నాను.

"గదిని ఇక్కడికి తరలించలేమా?" అన్నారాయన. "గోదాము పోతుంది గానీ గది పోనక్కర్లేదు. అదే గది మళ్లీ నిలబెడితే ఒప్పందంలో అవతలివాళ్లూ కాదనరు. మీరు కనుక్కుని ఒక నోట్ పెట్టండి."

నేను అహ్మదాబాద్ మిస్త్రీకి ఫోన్ చేశాను. అతను చెప్పింది నాకు ప్రతి మాటా గుర్తుంది. "విప్పొచ్చు, తీసుకెళ్లొచ్చు, మళ్లీ బిగించొచ్చు బెన్. కానీ మళ్లీ అదే గది అవుతుందని మాత్రం నేను రాసివ్వలేను."

నోట్‌లో నేను, "గదిని విప్పి తరలించి మళ్లీ బిగించవచ్చని నిపుణులు తెలిపారు" అని రాశాను. అక్కడితో ఆపాను. నా చేత ఎవరూ అలా రాయించలేదు. ఎవరూ బెదిరించలేదు, ఆశపెట్టలేదు. టైపు చేస్తూ చేస్తూ ఆ వాక్యం దగ్గర చేతులు ఆగాయి. రెండో సగం రాస్తే ఫైలు మళ్లీ నా దగ్గరికే వస్తుంది, మళ్లీ మీటింగ్ పెట్టాలి, మళ్లీ డాక్టరుగారి ముఖమూ వైస్ చాన్సలర్ ముఖమూ ఒకేసారి చూడాలి. అందుకే చుక్క పెట్టేశాను. దాని మీద ముగ్గురం సంతకాలు చేశాం. డాక్టరుగారు పెన్ను తీసుకునే ముందు, "కుదురుతుందన్నాడా మిస్త్రీ?" అని అడిగారు. కుదురుతుందన్నాడని చెప్పాను. ఆయన నన్ను నమ్మారు.

ఎండాకాలం చివర్లో గదిని విప్పారు. పలకలకు నంబర్లు వేసి, లారీలో ప్రధాన క్యాంపస్‌కు తెచ్చారు. నేలమాళిగలో ఇస్తామన్న చోట పరీక్షల విభాగంవాళ్లు జవాబు పత్రాల మూటలు పెట్టేశారు. వాళ్లకు వేరే చోటు చూపించాలి. ఆ వేరే చోటులో పాత కంప్యూటర్లున్నాయి. అవి తీసెయ్యాలంటే కమిటీ కూర్చోవాలి. ఇవన్నీ నా కింద ఉన్న విభాగాలే. నేను చెబితే జరగాల్సిన పనులే. ఒక్కోదానికీ చెప్పాను. ఒక్కోటీ వారం పట్టింది. అంతదాకా పలకలను జనరేటర్ షెడ్డు వెనక పేర్చి టార్పాలిన్ కప్పించాను.

ఆ ఏడు వాన తొందరగా వచ్చింది. సూరత్ వాన సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు ఇంట్లోకి నీళ్లొస్తే మంచం మీద మంచం వేసుకుని కూర్చున్నదాన్ని. రెండు రోజులు క్యాంపస్‌లో నీళ్లు బయటికి తోడించే పనిలోనే ఉన్నాను. మూడో రోజు పొద్దున గుర్తొచ్చి వెళ్లేసరికి డాక్టరుగారు అప్పటికే అక్కడున్నారు. ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, ఒక పలకను పక్కకు తిప్పి చూస్తున్నారు. లోపలి పీచు నీళ్లు పీల్చి జారి అడుగుకు చేరింది. పలక పైసగం బోలుగా ఉంది. వేలితో కొడితే డబ్బాలా మోగింది.

"ఆరబెడితే?" అన్నాను.

"ఆరదండీ. ఆరినా పనికిరాదు."

కాసేపు ఇద్దరం ఒకటి తర్వాత ఒకటి పలకలు తిప్పి చూశాం. అన్నీ తిప్పక్కర్లేదు, నాలుగు చూస్తే తెలిసిపోతుంది. అయినా అన్నీ తిప్పాం. చివరి పలక పెట్టేసి ఆయన అన్నారు:

"నేను మిస్త్రీకి నిన్న ఫోన్ చేశానండీ. తొందరగా రమ్మని. అతను మీకేం చెప్పాడో నాకూ చెప్పాడు."

ఆయన నన్ను తిట్టలేదు. "మీరు నాకొక్కడికైనా చెప్పుంటే బాగుండేది" అన్నారు. అంతే. చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

విదేశీ విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. వానల వల్ల కలిగిన నష్టానికి విచారం తెలిపారు. ఒప్పందంలోని ఫలానా షరతు ప్రకారం ఇక కొనసాగలేమన్నారు. ఆ షరతు నేను రాసిన మాటల్లోనే ఉంది, ఒక్క అక్షరం మారలేదు.

కొత్త గది కట్టించమని డాక్టరుగారు అడిగారు. చూద్దామని వైస్ చాన్సలర్ అన్నారు. విశ్వవిద్యాలయంలో చూద్దామంటే ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. ఆ ఏడాది చివర డాక్టరుగారు రాజీనామా ఇచ్చి సొంతూరి వైపు ఆసుపత్రిలో చేరిపోయారు. వెళ్లే రోజు పరిశోధన కాగితాలు రెండు ఇనప బీరువాల్లో సర్ది, తాళాలు నా చేతికిచ్చారు. "నియమం ప్రకారం కొన్నేళ్లు ఉంచాలి కదండీ" అన్నారు. మూడేళ్ల కాగితాలు. ఆయన చెప్పినట్టే, వాటిని బట్టి ఏమీ అనకూడదు.

ఆయన వెళ్లకముందే ఉన్‌లో ఇంకొకటి జరిగింది. పరీక్ష తేదీ వచ్చిందని పనివాళ్లు ఉతికిన చొక్కాలతో, కార్డులతో గోదాము దగ్గరికి వెళ్లారు. గోదాము లేదు. చుట్టూ రేకుల కంచె వేసి ఉంది. వాళ్లు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత మా ఇంటికి వచ్చారు. నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం ఇంటికొస్తే నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు.

"మనోళ్లు వచ్చిన్రు. గోదాం కూలగొట్టిన్రంట గద. టెస్టులు ఏడ చేస్తరని అడిగిన్రు. నాకు తెల్వదన్న."

నేను వాళ్లకు ముందే చెప్పాల్సింది. చెప్పాలని రోజూ అనుకున్నాను. కొత్త గది వస్తుందేమో, అప్పుడు ఒకేసారి చెప్పొచ్చని ఆగాను.

ఆదివారం వాళ్లందరినీ మా వాడ చివర టీ బండి దగ్గరికి పిలిపించాను. ముప్పై మంది దాకా వచ్చారు. నేను మీటింగుల్లో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాను. వెనక ఉన్నవాళ్లు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు. ముందున్నవాళ్లు నా పెదవుల వైపు చూస్తున్నారు. అర్థమైంది. అరవాలి. మెల్లగా చెప్పడానికి నాలుగు రోజులు సిద్ధం చేసుకున్న మాటలను వీధి మధ్యలో నిలబడి అరిచాను.

"ఇగ టెస్టులు ఉండయి! బందయినయి!"

"ఎప్పటిదాంక?"

"ఇగ ఉండయి కాకా! మొత్తమే బంద్!"

ముందు నిలబడ్డ ఒక పెద్దాయన ముఖం విప్పారింది. మా ఇంటి వెనక వీధిలోనే ఉంటాడు. మొదటి రోజు నుంచీ ఒక్క తేదీ తప్పకుండా వచ్చినవాడు. "అంటే మాకేం ఖరాబ్ కాలేదన్నట్టే గదా? చెవులు మంచిగనే ఉన్నయన్నట్టు?"

పక్కనున్నవాళ్లు తలలూపారు. పరీక్షలు ఆపేశారంటే జబ్బు లేదనుకున్నారు. వాళ్లు చూసిన ఆసుపత్రుల్లో అంతే, బాగయితేనే ఇక రావద్దంటారు. నేను కాదని చెప్పాలి. చెవులు పోతున్నాయి, ఆ సంగతి రుజువు చేసే పని మధ్యలో ఆగిపోయింది, ఆపింది నేను పనిచేసే చోటే అని అరవాలి. నోరు తెరిచాను.

నాన్న ముందుకొచ్చాడు. "గట్ల కాదు! గోర్మెంటోళ్లు బంద్ పెట్టిన్రు! మా బిడ్డ మస్తు కొట్లాడింది, ఇనలేదు! చెవులల్ల బిరడాలు మాత్రం పెట్టుకోరి, మానొద్దు!"

జనం అర్థమైనట్టు తలలూపారు. గవర్నమెంటు ఆపేయడం వాళ్లకు తెలిసిన సంగతే. ఒకరిద్దరు నన్ను ఓదార్చారు కూడా. "నువ్వేం జేస్తవు చెల్లె" అన్నారు. ప్రభుత్వానికి దీంతో ఏ సంబంధమూ లేదు. నాన్నకు అది తెలుసో లేదో నాకు తెలియదు. నేను కాదనలేదు. టీ బండి అతను నాకు ఒక గ్లాసు ఇస్తే తీసుకుని తాగాను.

అప్పటి నుంచి నాన్న ఆ బండి దగ్గరికి వెళ్లడం తగ్గించాడు. ముందు మోకాళ్లన్నాడు. తర్వాత ఏ కారణమూ చెప్పలేదు. బిరడాలు పెట్టుకోవడం కూడా ఏడాదిలోగా అందరూ మానేశారు. అరిగిపోయినవాటికి కొత్తవి ఇచ్చేవాళ్లు లేరు. రబ్బరు దిమ్మెలను ఒకచోట సేఠ్ తీయించి అమ్మేశాడని విన్నాను.

హాస్టల్ సంగతీ చెప్పాలి. అది రాలేదు. ఉన్ స్థలంలో నివాస భవనం కట్టడానికి బిల్డర్‌కు అనుమతి దొరకలేదు. స్థలం అలాగే ఉంది. ఒప్పందం రద్దు చేసుకోవాలంటే కోర్టు, చేసుకోకపోతే ఏమీ లేదు. మూడు నెలలకోసారి ఆ ఫైలు నా దగ్గరికి వస్తుంది. 'యథాతథం' అని రాసి పంపుతాను. అమ్మాయిలు ఇప్పటికీ గదికి నలుగురే. వైస్ చాన్సలర్ పదవీకాలం అయిపోయి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయనకు ఉన్ ఎక్కడుందో మ్యాపులో చూపించాల్సి వచ్చింది. నాకు ప్రమోషన్ ఇచ్చి, స్థలాలూ పరిశోధన ఒప్పందాలూ మొత్తం నా కిందికే తెచ్చారు. గదిని తరలించిన ఫైలు సక్రమంగా ఉందని తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు.

కిందటి నెల కొత్త పరిశోధనల డీన్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. కార్ఖానాల దుమ్ము, ఊపిరితిత్తులు. మంచి ప్రతిపాదనే. "మేడమ్, మీకు ఆ వాడల్లో మనుషులు తెలుసట. మీరు చెబితే వస్తారట" అన్నాడు. రారని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఫైలులో లేదు. ప్రచార విభాగంవాళ్లు కరపత్రాలు వేస్తారులే అని చెప్పి తర్వాతి అంశానికి వెళ్లాం.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నాన్నా నేనూ డాబా మీద కూర్చున్నాం. నాన్నకు ఇప్పుడు అరిచినా సగమే అందుతుంది. వినికిడి మిషన్ కొనిస్తానంటే వద్దన్నాడు, అది పెట్టుకుంటే లోపలి చప్పుడు ఇంకా పెద్దగా వినపడుతుందని ఆయన అనుమానం. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో, మిస్త్రీ ఏం చెప్పాడో, నేను ఏం రాశానో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఎన్నాళ్ల నుంచో చెప్పాలనుకున్నది. చెబుతున్నంతసేపూ ఆయన నా పెదవుల వైపే చూశాడు, కళ్లు చిట్లించి, ఒక్క మాటన్నా పట్టుకోవాలని.

చెప్పడం అయిపోయింది. "ఏంది బిడ్డా? తెల్వలే. జర గట్టిగ చెప్పు" అన్నాడు.

పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్నారు. కింద వీధిలో మనుషులున్నారు. అదంతా మళ్లీ అరవాలి.

"వానొస్తదంట బాపు!" అన్నాను.

నాన్న ఆకాశం వైపు చూశాడు. ఎక్కడా మబ్బు లేదు. అయినా నా మాట నమ్మి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచి, తీగ మీది బట్టలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు.